మ్వనాషా పలక కొనుక్కుంది

మ్వనాషాకి కోపం తెప్పించడం తేలిక. పోగొట్టడం మాత్రం మొంబాసా పాత పట్నంలో ఎవరి తరమూ కాదు. హెమెదీ మీద వచ్చిన కోపానికి అప్పటికి రెండేళ్ళు నిండాయి. ఆ రెండేళ్ళూ అతను సలాం చెప్పిన ప్రతిసారీ ఆమె పక్కనున్న గోడకేసి చూసింది.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె కాంగా బట్టలకి అంచులు గీస్తోంది. ఆ తీరంలో కాంగా కట్టని ఆడది లేదు కాబట్టి, మ్వనాషా గీత చుట్టుకోని నడుము కూడా దాదాపు లేదనే చెప్పాలి. చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఒళ్ళో చెక్క, చెక్క మీద కాగితం పెట్టుకుంటుంది. కలం పట్టిన చెయ్యి కదలదు. ఎడమచేత్తో చెక్కనే తిప్పుతుంది, నెమ్మదిగా, తల్లి నేర్పినట్టే. గబగబా గీసేవాళ్ళని చూస్తే ఆమెకి నమలకుండా మింగేవాళ్ళని చూసినట్టుంటుంది. బట్టకి ఒక మూల గీస్తే చాలు, తక్కిన మూడు మూలలూ మిల్లువాళ్ళు దాన్నే తిప్పి అచ్చు వేసుకుంటారు. అంటే అక్కడ ఒక తప్పు దొర్లితే నాలుగు తప్పులు దొర్లినట్టు.

ఆమె కాగితాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి మిల్లుకి పంపే పని హెమెదీది. బట్టల సేఠ్ కొట్టు మేడ మీద కూర్చుంటాడు. నలభై దాటినవాడు, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు మాట్లాడడు. రెండేళ్ళ కిందట కొట్టులో కొత్త కాంగా విప్పి చూసిన మ్వనాషాకి, అంచులో తాను గీసిన జీడిపిక్క వంపు తన వంపు కాదని తెలిసిపోయింది. నున్నగా ఉంది. మరీ నున్నగా ఉంది. అప్పటికప్పుడు మేడ మెట్లెక్కింది.

"నా గీతకి ఇస్త్రీ చెయ్యమని ఎవరు చెప్పార్రా నీకు?"

"కొంచెం శుభ్రం చేశాను బీ, అంతే."

"శుభ్రం చెయ్యడానికి అదేమన్నా చేపా?"

హెమెదీ తల దించుకుని కంప్యూటర్ కేసి తిరిగాడు. అది పొగరని ఆమె తీర్మానించింది.

ఈ ఏడు పెళ్ళిళ్ళకి కొత్త కాంగా గీయమని సేఠ్ అడిగినప్పుడు ఆమె కచ్చితంగా చెప్పేసింది. తన గీత మధ్యలో ఎవరి చెయ్యీ పడకుండా బట్ట మీదికి చేరాలి, లేకపోతే ఇక గీయదు. సేఠ్ గడ్డం గోక్కుని, "మిల్లువాళ్ళు కాగితం ముట్టుకోరు బీ. మీరే కంప్యూటర్లో గీసి సోమవారంలోగా తెండి, అలాగే పంపిస్తా," అన్నాడు. ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుందని అతని లెక్క. ఆమెతో అతని పరిచయం ముప్పై ఏళ్ళదే మరి.

అల్లుడి పాత ల్యాప్‌టాప్ ఉంది. దానికి తగిలించుకుని గీసే పలక ఒకటి కావాలి, అదీ ముప్పై వేల షిల్లింగులలోపు. మ్వనాషా ల్యాప్‌టాప్ వెంటపెట్టుకుని మూడు రోజులు కొట్లు తిరిగింది. ఎక్కడికి వెళ్ళినా ముందు నేల మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పలకని ఒళ్ళో పెట్టమనేది. పలకని తిప్పుతూ గీస్తుంటే దాని వైరు ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగి, మూడోసారి కొట్టువాడి కాళ్ళకి చుట్టుకునేది. ఒకడు తెర లేని పలక చూపించాడు. దాని మీద గీస్తూ చూపు మాత్రం కంప్యూటర్ మీద పెట్టాలట. "అన్నం ఇక్కడ కలిపి నోరు పక్కింట్లో తెరవమంటావా?" అని లేచి వచ్చేసింది. ఇంకొకడి దాంట్లో కలం ముల్లు ఒకచోట ఉంటే గీత గాజు కింద ఇంకోచోట పడింది. మంచివనుకున్నవి రెండు దొరికాయి గానీ, రెంటిలోనూ నెమ్మదిగా గీస్తే గీత వణికింది.

ఆఖరి కొట్టు ఖమీస్‌ది. పన్నెండంగుళాల పలక, తేలిగ్గా ఉంది, గాజుకీ గీతకీ ఎడం లేదు. ధర ఇరవై ఎనిమిది వేలు. ఆమె దాన్ని ఒళ్ళో తిప్పుతూ ఒక తీగ గీసింది. ఖమీస్ దాన్ని తెర మీద పెద్దది చేసి చూపించాడు.

"ఇదీ వణుకుతోంది," అంది మ్వనాషా.

"చవకవాటికి ఆ జబ్బు ఉంటుంది బీ. నెమ్మదిగా గీస్తే తడబడతాయి. కాస్త జోరుగా లాగండి."

"జోరుగా లాగడానికి నేనేమన్నా పడవ నడుపుతున్నానా? జబ్బు లేనిది పట్రా."

అతను అద్దాల బీరువా తాళం తీసి లక్ష పైచిలుకు చేసేది తెచ్చాడు. కొనదని తెలిసినా తెచ్చాడు, మంచివాడు. ఆమె గీసింది.

"లక్షది కూడా వణుకుతోంది. ఎవరిని మోసం చేస్తున్నారయ్యా మీరంతా?"

"ఉండండి బీ, సర్దుబాటు ఏదో తప్పుంటుంది," అని ఖమీస్ కింద కూర్చుని, ఆ ఇరవై ఎనిమిది వేల పలక మీద నెమ్మదిగా, ఆమె గీసినంత నెమ్మదిగా, ఒక గీత లాగాడు. నూలుపోగు పరిచినట్టు వచ్చింది.

ఇద్దరూ ఆ గీతని చూశారు. బయట మహమ్రీ రొట్టెలమ్మే ఆవిడ ఎవరితోనో చిల్లర గురించి పోట్లాడుతోంది. ఖమీస్ ఏం చెయ్యాలో తోచక ఇంకో గీత గీశాడు, ఈసారి చెయ్యి ఆడిస్తూ. "చూశారా, నాదీ వణుకుతోంది," అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు గీతలే చూసిన మనిషికి దొంగ వణుకేదో తెలియకపోదు. అతను అబద్ధమాడాల్సి వచ్చిందంటే, వణుకు పలకది కాదని ఆమెకి తెలిసిపోయింది.

"ఇది కట్టివ్వు నాయనా," అంది.

ఖమీస్ అడక్కుండానే ధర తగ్గించాడు. జాలితో తగ్గించిన ధర ఆమెకి నచ్చలేదు. అయినా తగ్గించిందే ఇచ్చింది.

ఇంటికి వెళ్ళలేదు. ఎండలో సగం ఊరు నడిచి, ల్యాప్‌టాప్ సంచీ ఒక భుజాన, పలక ఒక భుజాన వేసుకుని సేఠ్ కొట్టు మేడ ఎక్కింది. సలాం ముందు ఆమే చెప్పింది. హెమెదీ కంగారుగా లేచి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది బీ?"

"నాటకాలాడకు. నా చెయ్యి."

అతను కుర్చీ తుడిచాడు. దాని మీద దుమ్మేమీ లేదు. "నాకు కనబడింది మూడేళ్ళ కిందట. మొదట్లో కొంచెమే."

"సేఠ్‌కి తెలుసా?"

"నేను సరిచేసినవే ఆయన చూస్తాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు? రెండేళ్ళు నా కోపం భరించావు కదరా!"

"నా మీద కోపంగా ఉన్నన్నాళ్ళూ గీయడం మానలేదు కదా మీరు."

మ్వనాషాకి ఏడుపొచ్చింది. ఏడవడానికి ఇన్ని మెట్లెక్కి రావాలా అని తనని తానే కసురుకుని, నేల మీద కూర్చుంది. హెమెదీ పలక తగిలించి, తెర మూలన ఒక అంకె చూపించాడు. సున్నా ఉంటే చెయ్యి ఎలా ఉందో గీత అలా వస్తుందనీ, అంకె పెంచేకొద్దీ కంప్యూటరే వణుకు తీసేస్తుందనీ చెప్పాడు.

ఆమె సున్నాలోనే కాంగా మూల మొత్తం గీసింది. ఎడమచేత్తో పలకని తిప్పుకుంటూ, ఒక్కచోట కూడా తొందరపడకుండా గీసి, పెద్దది చెయ్యమని చూసింది. తీగ, పిక్క, ఆకు, దేనికీ నిలకడ లేదు. హెమెదీ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు.

"నా గీతకి నువ్వు ఎంత పెట్టేవాడివి?"

"మొదట్లో నాలుగు."

"ఇప్పుడు?"

"తొమ్మిది, బీ."

"ఇందులో ఎంత దాకా ఉంది?"

"పదిహేను."

"అయితే ఇంకా ఆరు మిగిలాయి," అని మ్వనాషా తానే తొమ్మిది నొక్కి, మూల మళ్ళీ మొదటినుంచి గీయడం మొదలుపెట్టింది.