సందు లేని పడవ

ధూల్‌పేటలో మా ఇంటిల్లిపాదీ తలుపులు చేసేవాళ్ళమే. తలుపు బిగించాక ఇంటివాళ్ళు లోపల చీకటి చేసుకుని, బయట దీపం పెట్టించి చూసేవారు. పలకల మధ్య వెలుతురు గీత కనిపించిందంటే వడ్రంగి పరువు పోయినట్టే. నా తలుపుల్లో ఎన్నడూ గీత కనిపించలేదు. ఆ గర్వంతోనే, యుద్ధం మొదలైన రెండో ఎండాకాలం, బహదూర్‌పురాలో ఒక వకీలుగారి తెరచాప పడవను బాగుచేయడానికి ఒప్పుకున్నాను. అంతకుముందు పడవను ముట్టుకున్నవాణ్ణి కూడా కాదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన దగ్గరి చెరువులో ఆ పడవ నడిపేవారట. పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాక అది ఏళ్ళ తరబడి కొట్టంలోనే ఎండిపోయింది. "వానలదాక ఉంటనో లేనో. ఒక్కపారి దాంట్ల నీళ్ళమీద కూసోవాలె" అన్నారు నాతో. శుక్రవారం పొద్దున్నే చెరువులో దింపాలని నిశ్చయించారు. ఆ వారం మొదలయ్యేసరికి తెరచాపకు మాసికలు వేయడం, చుక్కాని బిగించడం, రంగు వేయడం అయిపోయాయి. పలకల మధ్య సందులు మాత్రం మిగిలాయి.

వకీలుగారి దగ్గర వెనకటి నుంచి ఉన్న ముసలి పడవవాణ్ణి నేను చాచా అనేవాణ్ణి. "సందుల్ల నూలు పెట్టి గుగ్గిలం పుయ్యి బేటా, గంతే. కట్టె ఎండి ఉన్నది. నీళ్ళు తాగితే అదే దగ్గరికొస్తది" అన్నాడు.

"సందులున్న పడవ నా చేతుల నుంచి పోదు చాచా" అన్నాను.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. టేకు బద్దలు సన్నగా చెక్కి, ప్రతి సందులోనూ సుత్తితో దిగగొట్టాను, వేలిగోరు కూడా దూరకుండా. బుధవారం కట్టె నానడానికి పడవ నిండా నీళ్ళు పోశాం. ఒక్క చుక్క కారలేదు. చాచా ముందు నిలబడి మీసం దువ్వుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గురువారం మధ్యాహ్నం వాకిట్లో అన్నం తింటుంటే పడవలో టక్కుమని చప్పుడైంది. చాచా చేతిలో ముద్ద వదిలేశాడు. ఉబ్బిన పలకలకు జరగడానికి చోటు లేదు, నేనే మిగల్చలేదు. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ, పడవను పట్టి నిలిపే లోపలి అడ్డకర్రలను విరిచేస్తున్నాయి. పరుగెత్తి అడుగు బిరడా లాగి నీళ్ళు వదిలేశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. కట్టె తాగిన నీళ్ళను అంత త్వరగా వదలదు. తలుపు ఉబ్బితే చిత్రిక పట్టి సరిచేస్తాను. ఇక్కడ ఉలి ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. ఇద్దరం కూర్చుని వింటూ ఉండిపోయాం. ఒకటి విరిగింది, కాసేపటికి ఇంకొకటి. పక్కనే ఎవరివో ఎముకలు విరుగుతున్నట్టుండి నాకు ఏడుపొచ్చింది. చాచా నన్ను తిట్టినా బాగుండేది.

చివరికి చప్పుడు ఆగింది. లోపల కాళ్ళు పెట్టుకునే పలకలను పనికోసం ముందే తీసి పక్కన పెట్టాం; విరిగిన కర్రలు కనపడకుండా వాటిని తిరిగి పరిచాను. దాచడానికో, చేతులు ఊరికే ఉండలేకో తెలియదు.

పొద్దు వాలాక నౌకర్లు వకీలుగారిని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆయన వంగి, చెయ్యి అందినంత మేర పడవ పలకల మీద బొటనవేలితో తడిమారు.

"ఒక్క సందు దొరుకుతలేదు. మస్తు పని చేసినవ్" అన్నారు.

చాచా తల దించుకున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను, అంతలో ఆయనే అడిగారు.

"రేపు ఎన్ని గంటలకు పోదాం?"

చాచా నావైపు చూశాడు.

"ఆరు గంటలకు సాబ్" అన్నాను.

ఆయన నౌకరును పిలిచి, తెల్ల షేర్వాణీ ఇస్త్రీ చేయించి ఉంచమన్నారు.