తొందరపడి మోగిన ఫోను

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళంటే ఊళ్ళో ఓ గౌరవం ఉండేది. అది నాకు కాస్త ఎక్కువే తలకెక్కింది. అమలాపురంలో ఓ డీటీపీ సెంటర్లో చేరి మూడు నెలలయిందో లేదో, పేజీ పక్కన పెట్టె గీసి చిన్న అక్షరాలతో నోట్సు పెట్టడం నేర్చేసుకుని, ఏ కాగితమొచ్చినా ఓ పెట్టె తగిలించేసేదాన్ని (శుభలేఖకీ పెట్టబోతే మా ఓనరుగారు దణ్ణం పెట్టేరు).

అప్పుడే మా బాబాయిగారు తన నాటకం పట్టుకొచ్చేరు. పగలు గుమాస్తా ఉద్యోగం, సాయంత్రమైతే నాటకాల పిచ్చి. కువైట్లో జాడ తెలియని తమ్ముడి ఫోను కోసం ఎదురుచూసే అన్నగారి కథ అది. రాసిందీ ఆయనే, అన్నగారి వేషమూ ఆయనదే. రావులపాలెం పోటీల్లో ఈసారీ ప్రైజు రాకపోతే నాటక సమాజం మూసేద్దామని మిగతావాళ్ళు తెగేసి చెప్పేరట, పాపం ఆయనకి అన్నం సయించడం లేదు. లైట్లు, చప్పుళ్ళు చూసే మనిషి కొత్త, కాగితం చూసే చెయ్యాలి. అందుకని మధ్యలో మాటలు, పక్క పెట్టెల్లో ‘ఫోను మోగాలి’, ‘లైటు ఆర్పాలి’ అని ముచ్చటగా పేర్చిపెట్టేను. తీరా బయల్దేరే రోజు పొద్దున్న ఆయనొచ్చి, మొదట్లో ఓ నాలుగు లైన్లు కలపమన్నారు. ఆయ్ అనేసి కలిపి, ప్రింటు తీసి ఇచ్చేసేను. మాటలన్నీ నాలుగు లైన్లు కిందకి దిగిపోయాయనీ, పెట్టెలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయనీ నేను చూసుకుంటేగా!

స్టేజీ మీద బాబాయిగారు గొంతు వణికిస్తూ, “నెల్లాళ్ళయింది, ఈ ఫోను మోగనే లేదమ్మా” అన్నారు. అదే క్షణంలో ఫోను గణగణా మోగింది. జనం గొల్లున నవ్వేరు. మూడో వరసలో ఉన్న నాకు నా పెట్టెల సంగతి అప్పుడర్థమైంది. ఆయన రెండు క్షణాలు దానికేసి చూసి, రిసీవరు ఎత్తి, “కాస్త ఆగండి, నేనింకా నాలుగు మాటలు ఏడవాలి” అని పెట్టేసేరు. ఇక హాలు ఆగలేదు. ఆ తరవాత లైటు ముందే ఆరినా, గంట ముందే కొట్టినా దాన్నే కసురుతూ నాటకం లాక్కొచ్చేరు.

ఉత్తమ హాస్యనటుడి షీల్డు ఇచ్చేరు, ఊరంతటినీ ఏడిపిద్దామని రాసుకున్నాయనకి. తిరుగు బస్సులో నేను ముక్కు చీదుకుంటూ, తప్పు నాదే బాబాయిగారూ అని పెట్టెల సంగతంతా చెప్పేసేను. ఆయన షీల్డుని కండువాతో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఎవరితోనూ అనకమ్మా. ఆ పెట్టెలు మాత్రం కదపకు,” అన్నారు.

సమాజం మరో ఆరేళ్ళు నడిచింది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆ ఫోను తొందరపడే మోగింది. పెట్టెని దాని మాటకి కట్టేయడం నేను తరవాత నేర్చుకున్నాను, ఇప్పుడు నా పేజీల్లో ఏ నోట్సూ జారదు. బాబాయిగారు పోయాక ఓసారి ఆ పాత ఫైలు తెరిచి, అలవాటు కొద్దీ సరిచెయ్యబోయేను. చెయ్యి రాలేదు. నవ్వుకుని, అలాగే మూసేసేను.