వాడని వేళ్లు

ఇండోనేషియాలోని సురబాయాలో కాలవ పక్క వీధుల చెత్తంతా ఏళ్ల తరబడి వగియెం చేతుల మీదుగానే పోయేది. మొగుడు పోయాక తోపుడు బండి తనే పట్టింది. కోడలు లాస్త్రి కాపురానికొచ్చాక ఇద్దరూ కలిసి తిరిగేవారు. సీసాలు, అట్టలు, ఇనుము ఏరి పాతసామాన్ల కొట్టుకి చేరిస్తే, మిగిలిందే లారీ ఎక్కేది. ఆ వీధుల్లో వాళ్ల పేర్లు తెలిసినవాళ్లు లేరు. "చెత్తోళ్లు" అంటే సరిపోయేది.

ఒక వానాకాలం పొద్దున ఎందాంగ్ అనే ఆవిడ గేటు ముందు సంచిలో లాస్త్రి చెయ్యి పెట్టింది. పాచిపోయిన కొబ్బరిపాల కూర కింద పగిలిన గాజు గిన్నె ఉంది. అరచెయ్యి మణికట్టు దాకా చీలిపోయింది. ఆస్పత్రిలో కుట్లయితే వేశారు గానీ, గాయం చీము పట్టింది. మానేసరికి రెండు వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి.

పెద్దవాళ్లతో మనకెందుకని లాస్త్రి ఎంత చెప్పినా వగియెం వినలేదు. దాచిపెట్టిన గాజుముక్కలు బేసిన్‌లో వేసుకుని బయల్దేరింది. ఎందాంగ్ ఇరుగుపొరుగుతో కలిసి వీధిలో కూరగాయల బండి దగ్గర బేరమాడుతోంది. వగియెం బేసిన్ తీసుకెళ్లి ఆవిడ కాళ్ల ముందు పెట్టింది.

"చెత్తలో ఎవరైనా చెయ్యి పెడతారా?" అంది ఎందాంగ్, ఒకడుగు వెనక్కి వేసి.

"మేం పెడతామమ్మా. రోజూ పెడతాం. మీరు అన్నీ కలిపి కుక్కింది మేమే విడదీస్తాం."

అందరూ చూస్తున్నారని ఎందాంగ్ గొంతు తగ్గించింది. ఇంట్లో వాడని బట్టలున్నాయి, తీసుకెళ్లమంది.

"బట్టలొద్దు. మీ ఇంట్లో వాడని వేళ్లున్నాయా? రెండు చాలు, మా కోడలికి."

కూరగాయలవాడు తూకం ఆపేశాడు. ఎందాంగ్ కూరగాయల సంచీ అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్ని ఇళ్లవాళ్లు గాజుని కాగితంలో చుట్టి గేటుకి తగిలించసాగారు. కొందరు నాలుగు వారాలు చేసి మరిచిపోయారు. ఎందాంగ్ అదీ చెయ్యలేదు. వగియెం మళ్లీ ఆ ఇంటి సంచి ముట్టలేదు. కుక్కలు దాన్ని వీధంతా ఈడ్చేవి. అమ్మలక్కలు వచ్చి బతిమాలినా బండి ఆపకుండా పోయేది.

ఒక సాయంత్రం ఏరుకొచ్చిన సీసా మూత తిప్పడం చేతకాక లాస్త్రి పళ్లతో కొరుకుతోంది. వగియెం ఆ సీసా లాక్కుని, మూత తిప్పి తీసి, ఆ మూతని గోడకేసి కొట్టింది.

"నామీద కోపమా అత్తా?" అంది లాస్త్రి.

"నీమీద కాదే," అంది వగియెం, ఇంకో సీసా అందుకుంటూ.