బేస్‌బాల్ సార్ సంతకం

హిందూపురం చుట్టుపక్కల బళ్లలో బేస్‌బాల్ మొదట ఆడించింది నేనే. గొప్పకు చెప్పడం లేదు. ఇప్పుడా మాట తలుచుకుంటే ఒళ్లు అలిసిపోతుంది. డ్రిల్ మాస్టరుగా ఉన్నప్పుడు శిక్షణకు పంపితే ఆ ఆట నేర్చుకుని వచ్చాను. ఒక బ్యాటు, రెండు బంతులు తప్ప ఏమీ లేవు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన చేత తోలు గ్లవ్‌లు కుట్టించాను. పరుగెత్తి తాకాల్సిన బేస్‌లకు ఇసుక నింపిన గోనెసంచులు, ముగ్గుపిండితో గీతలు. ఇది క్రికెట్టా, బిళ్లంగోడా అని హెడ్మాస్టరు రోజూ ఆటపట్టించేవాడు.

ధర్మవరానికి బదిలీ అయ్యాక మగ్గాల వీధి నుంచి ఒక పిల్ల ఆటకు వచ్చింది. బ్యాటు పట్టినవాళ్ల వెనక క్యాచర్‌గా కూర్చుంటే బంతి ఆమెను దాటిపోయేది కాదు. జిల్లా పోటీల్లో బంతి తగిలి కుడిచేతి ఉంగరపు వేలు విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చి మళ్లీ అదే చోట కూర్చుంది. మగ్గం నేయాల్సిన చెయ్యి పాడు చేశావని వాళ్లింట్లో నన్ను దుమ్మెత్తిపోశారు.

రిటైరయ్యాను, భార్య పోయింది, పెనుకొండలో తమ్ముడి ఇంటికి చేరాను. మరదలు వేళకు పిలిచి అన్నం పెడుతుంది, వంక పెట్టడానికి లేదు. ఆట గురించి అడిగేవాళ్లు లేరు. సర్టిఫికెట్ కోసం మాత్రం వచ్చేవాళ్లు. ఉద్యోగాల్లో ఆటల కోటా ఉంది, ఈ ఆట ఎవరికీ తెలియదు, నా జట్టులో ఆడారని పాత కోచ్‌గా నేను సంతకం పెడితే చాలు.

మొదటి దొంగ సంతకం తమ్ముడి కొడుక్కే పెట్టాను. గ్లవ్ ఏ చేతికి తొడుక్కోవాలో కూడా వాడికి తెలియదు. తమ్ముడు నోరు తెరిచి అడగలేదు. మరదలు మాత్రం నాకు మారు వడ్డించి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది. పెట్టేశాను. వాడికి ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత కొత్తచెరువు నుంచి, పరిగి నుంచి ఎవరొచ్చినా కాదనే ఓపిక లేకపోయింది. ఎవరికి నష్టంలే అనుకున్నాను, సిగ్గు లేకుండా.

పోయిన నెల ఆ క్యాచర్ పిల్ల ప్యాసింజరు రైలు దిగి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు ముప్పై దాటింది, ఇద్దరు పిల్లల తల్లి. ఉద్యోగానికి ఎంపికైందట, అప్పట్లో నేనిచ్చిన సర్టిఫికెట్ దగ్గర ఆపేశారట. ఒక్క కోచ్ దగ్గర ఇంతమంది ఆడారా అని నా సంతకం ఉన్నవన్నీ కట్టగట్టి పక్కన పడేశారట.

"మీ సంతకమంటే నమ్మేది లేదంటాండారు సార్. నేను ఆడినాను గదా సార్?" అంది.

కోపంతో అని ఉంటే బాగుండేది. ఆమె నిజంగానే నన్ను అడుగుతోంది.

మర్నాడు ఇద్దరం సర్టిఫికెట్లు సరిచూసే ఆఫీసుకు వెళ్లాం. ఈ పిల్ల ఆడింది, కావాలంటే ఆ వేలు చూడండి అన్నాను. ఆమె చెయ్యి బల్ల మీద పెట్టింది. వేలు ఇంకా వంకరగానే ఉంది. అధికారి దాన్ని కాసేపు చూసి, కట్ట విప్పి నా ముందు పెట్టాడు.

"ఆడనోళ్లవి దీంట్లో యావో మీరే రాసియ్యండి సార్. అప్పుడు ఈమెది నమ్ముతాం."

తెల్లకాగితం కూడా ఇచ్చాడు. లేచి వెళ్లిపోదామా అనిపించింది. ఈ వయసులో నాకెందుకీ తలనొప్పి అనుకున్నాను. ఆమె బల్ల మీద పెట్టిన చెయ్యి తీయలేదు.

మొదట తమ్ముడి కొడుకు పేరు రాశాను. ఆ తర్వాతి పేర్లు రాయడం అంత కష్టం కాలేదు. కట్టలోంచి ఆమె సర్టిఫికెట్ ఒక్కటీ తీసి అధికారి వేరుగా పెట్టాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మరదలు కంచం పెట్టి, రా బావా, చల్లారిపోతాండాది అంది. కూర్చోకముందే అంతా చెప్పాను. ఆమె కంచం తీయలేదు, వడ్డించనూ లేదు.