తప్పైపోయిందండీ

వట్లూరులో నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారు, ఎవరైనా తన కాలు తొక్కినా తనే "తప్పైపోయిందండీ" అనేవారు. ఓసారి తలుపుకి నుదురు కొట్టుకుని తలుపుకీ అదే చెప్పారు. తలుపు క్షమించినట్టే ఉంది.

కొల్లేరు రొయ్యలతో ఆవిడ పెట్టే పచ్చడి ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడయ్యేది. బాబాయిగారు పోయాక ఇల్లు గడిచేది దానిమీదే. అది చూసి ఓర్వలేక, తాడేపల్లిగూడెంలో పచ్చళ్ళమ్మే ఒకాయన ఆవిడ సీసా ఫొటోనే తన సరుకుకి పెట్టుకుని, దొంగ పేర్లతో ఆవిడ పచ్చడికి ఒక్క స్టారు చొప్పున ఇవ్వడం మొదలుపెట్టాడు. "పచ్చడిలో పురుగులు" అని రాసినవాళ్ళెవరూ అసలు సీసా కొననేలేదు.

ఆవిడ మాత్రం ఒంటివేలితో ఒక్కొక్కరికీ జవాబు రాసేవారు: "తప్పైపోయిందండీ. వేరే సీసా పంపిస్తాను."

"వాళ్ళు దొంగలండీ పిన్నిగారూ!"

"ముక్కూ మొహం తెలీనివాళ్ళని అంత మాట ఎలా అంటాం బాబూ?"

"మొహం లేకే కదండీ దొంగ పేర్లు పెట్టుకున్నారు!"

చివరికి తగువు ఆ వెబ్‌సైటు వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఫొటో దొంగతనం మీద మేమిచ్చిన ఫిర్యాదుకి జవాబు లేదు. పురుగుల సంగతికి తప్పైపోయిందని మీరే రాసి ఒప్పుకున్నారు కాబట్టి మీ దుకాణం మూసేస్తున్నామని మాత్రం వచ్చింది. గూడెం ఆయన పేజీలో ఆవిడ సీసా అలాగే మెరుస్తోంది.

మర్నాడు పొద్దున్న, కొల్లేటి నుంచి రొయ్యలు తెచ్చే ఆమె ఎప్పటిలాగే గుమ్మంలో గంప దించింది. పిన్నిగారు గంప వైపు చూడకుండా, "ఇక తేవద్దమ్మా, తప్పైపోయింది" అన్నారు.

నాకు జోకొకటి తట్టింది. దాన్ని మింగేసి, గంపని మళ్ళీ ఆమె తలకెత్తాను.