పెట్టెలోని ఆకుపచ్చ గీత

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. భయపడాలంటే మాకు సముద్రం ఉంది, అది చాలు. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మద్దిలపాలెంలో నేను చేపలు అమ్మే ఇళ్లలో ఒకదాంట్లో ఓ ముసలావిడ ఉండేది. అందరూ ఎడిటరమ్మ అనేవారు. వయసులో ఉండగా ఒక్క కథల పుస్తకం రాసిందట. అదిప్పుడు ఎవరికీ గుర్తు లేదు. తర్వాత చాలా ఏళ్లు పత్రిక నడిపింది. పేరున్న రచయితలు కూడా ఆవిడ ఆకుపచ్చ పెన్సిల్‌కి జంకేవారు. ఎక్కడ అబద్ధం తగిలినా ఆ వాక్యం పక్కన చిన్న గీత పెట్టి తిప్పి పంపేది. ఏం రాయాలో మాత్రం చెప్పేది కాదు.

యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. మా ఆయన సముద్రం మీద వేటకెళ్లి తిరిగిరాని రోజు గురించి రాయమని వెంటపడేది.

“నాను రాత్తే ఎవులు సదువుతారమ్మా? సేపలు సుట్టుకోడానికి పనికొత్తాది.”

“ముందు నేను చదువుతాను. చేపల సంగతి తర్వాత చూద్దాం.”

“మరి నువ్వెందుకు రాయడం మానేసినావు?”

“ఊరందరి అబద్ధాలూ పట్టుకున్నాను. నావి పట్టుకునేవాళ్లు దొరకలేదే.”

పోయిన ఏడాది ఆవిడ పోయింది. పన్నెండో రోజు దాటాక, ఆవిడ మాట తీర్చాలని కూర్చుని రాశాను. రెండు పేజీలు. ‘ఆ ఉదయం ఆయన్ని నవ్వుతూ సాగనంపాను’ అని కూడా రాశాను. కాగితాలు బట్టల పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

కొన్నాళ్లకి ఆవిడ మేనకోడలు జ్ఞాపక సంచిక వేస్తున్నామని, నా రాత కావాలని కబురు పెట్టింది. పెట్టె తీశాను. నవ్వుతూ సాగనంపానన్న వాక్యం పక్కన ఆకుపచ్చ గీత. ఇంకెక్కడా లేదు.

మా ఇంట్లో ఆకుపచ్చ పెన్సిల్ లేదు. కోడల్ని అడిగితే, “నీ రాతలతో నాకేటి పనత్తా, అవతల పులుసు మాడిపోతంది” అంది. అదీగాక, ఆ వాక్యం అబద్ధమని బతికున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు.

మాలో మగవాడు వేటకని గడప దాటాక వెనకనుంచి పిలవకూడదు. నేను పిలిచాను. ముందురోజు తాగొచ్చాడన్న కోపం. నాలుగు మాటలన్నాను. ఆయన ఒకసారి వెనక్కి చూసి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లూ ఆ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదు.

ఆ వాక్యం కొట్టేసి, జరిగింది రాశాను. ముందు కొడుక్కి చదివి వినిపించాను.

“అయ్య ఎనక్కి సూసినాడా?” అని మాత్రం అడిగాడు.

“సూసినాడు.”

కాగితాలు మళ్లీ పెట్టెలో పెట్టి పది రోజులు ఆగాను. గీత రాలేదు. అప్పుడు పంపించాను.

ఆ మొదటి గీత ఎవరు పెట్టారో నాకిప్పటికీ తెలియదు. తెలిసినట్టు రాస్తే, దాని పక్కన కూడా ఒకటి పడుతుంది.