కొసరు తిన్న గోరింక

మా నాన్నది శృంగవరపుకోట సంతవీధిలో కిరాణా కొట్టు. పప్పు తూచాక పైన మరో గుప్పెడు వెయ్యనిదే పొట్లం కట్టేవాడు కాదు. "తూకం పొట్టకి, కొసరు మనసుకి. మనసు దొరికాక మనిషెక్కడికి పోతాడు?" అనేవాడు. ఆ చదువే నాది. ఇప్పటికీ కూరల బండివాడు నన్ను దూరంనుంచి చూడగానే కరివేపాకు రెబ్బ తీసి పక్కన పెట్టేస్తాడు. నాచేత అడిగించుకునే ఓపిక వాడికి లేదు. ఇంత బేరగత్తెనీ ఒక గోరింక ముంచేసింది.

విజయనగరంలో మా అత్తవారింటికి వీధివైపు రెండు కొట్లు. కిరాణా నాది. గోడకి అవతలిది మా తోడికోడలిది: బూందీ, కారప్పూస, కాజాలు. నాకంటే చిన్నది. నన్ను అక్కా అంటుంది. నా కొట్లోకి రావలసిన వాళ్ళని కూడా ఆ నోటితోనే పలకరించి లోపలికి లాక్కుంటుంది.

ఎండాకాలం ఒక పొద్దున్న గోరింకొకటి గుమ్మంలో రాలిన బియ్యం ఏరుకుంటూ లోపలికొచ్చి, బెదిరి ఎగిరి, ఫ్యానుకి కొట్టుకుని బెల్లం బుట్టలో పడింది. రెక్క వేలాడిపోయింది. ఫ్యాను ఆపి, బిస్కట్ల అట్టపెట్టెకి కన్నాలు పొడిచి, పాత చీరముక్క పరిచి దాన్నందులో పెట్టాను.

తోడికోడలు వచ్చి తొంగిచూసింది. "ఏటక్కా, ఇది బతుకుతాదేటి? నోట్లో కాసిన్ని నీలు పొయ్యరాదా."

పొయ్యలేదు. ఆవిడ చెప్పిందని మానేశాను గానీ, మానడమే మంచిదయింది. ఆటో కట్టించుకుని పశువుల ఆసుపత్రికి వెళితే డాక్టరు అదే చెప్పాడు, బలవంతంగా నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని. రెక్కకి మెత్తగా కట్టుకట్టి, "చీకట్లో కదలకుండా ఉంచండి. నయమవగానే వదిలెయ్యండి. మచ్చిక చెయ్యకండి, మీ తిండి అలవాటు చెయ్యకండి" అన్నాడు. నేను తల ఊపాను. కొట్టు మనిషి తల ఊపిందంటే ఒప్పుకుందని కాదు, విన్నదని.

ఉడికించిన గుడ్డు పొడీ, పెరట్లో నడుం వంచి నేనే పట్టిన మిడతలూ పెట్టి పెంచాను. కట్టు విప్పాక వదిలితే ఎగిరి కరెంటు తీగమీద కూచుంది. ఒక్కసారి నావైపు చూస్తుందేమోనని నిలబడ్డాను. అది తోక దులుపుకుంది.

మర్నాడు కిందికి దిగింది. పక్క కొట్టు మెట్టుమీద.

"నీ గోరింక మా కొట్టుకొచ్చీసినాదక్కా," అంది తోడికోడలు. ఆ 'నీ' ఎంత తియ్యగా అందో, కాజా పాకం దానిముందు చేదు.

"ఏం వేశావే దానికి?"

"నానేటి ఏసినాను? సేతికంటిన బూందీ రాలిపోనాది. అది తినీసినాది."

మిడతలు పట్టి నడుం నొప్పి తెచ్చుకున్నది నేను. రాలిన బూందీకి అమ్ముడుపోయింది అది. ఇలాంటి ఖాతాదారుల్ని మా నాన్న ఎలా తిప్పుకునేవాడో నాకు తెలుసు. వేరుశెనగ గుళ్ళు నలిపి నా మెట్టుమీద వేశాను. వచ్చింది. ఆవిడ కాజా ముక్క తుంచింది. అటు పోయింది. నేను బిస్కట్టు పాలల్లో తడిపాను. ఆ గోరింక రోజంతా రెండు మెట్ల మధ్యా నడిచేదే గాని ఎగిరేది కాదు. ఆటో వస్తున్నా పక్కకి తప్పుకునేది కాదు. చుట్టలకొచ్చే ముసలాయన ఒకడు ఇదంతా చూసి, "మీ తోడికోడళ్ళ మధ్యన ఆ పిట్టకి సుగరొచ్చీస్తాది," అని వెళ్ళిపోయాడు.

ఇంతలో అది జోడు కట్టి, నా షట్టరు పైనున్న డబ్బాలో గూడు పెట్టింది. షట్టరు దించితే గూడు నలిగిపోతుంది. అందుకని రాత్రిళ్ళు బల్లలు అడ్డంపెట్టి, మా ఆయన మంచం కొట్లో వేయించాను. ఆయన సణిగాడు. నాకేం వినపడలేదు.

"కాపురం మా దగ్గరేనే," అన్నాను తోడికోడలితో.

"కాపరం ఎక్కడైతేనేటక్కా, వంట మాదే కదా."

నిజమే. గుడ్లు పిల్లలయ్యాక తల్లి ఆవిడ బూందీ ముక్కున కరుచుకుని నా కళ్ళముందే నా షట్టరులోకి దూరేది. ఆవిడ గింజ నా ఇంట్లో పిల్లల కడుపులోకి పోవడమా? నా బిస్కట్లూ పోవాలని ఇంకా మెత్తగా తడిపాను. తల్లి రెండూ మోసింది. దానికేం, దొరికింది.

ఒక మధ్యాహ్నం పిల్లొకటి డబ్బాలోంచి జారి మెట్టుమీద పడింది. రెక్కలు వచ్చాయి గానీ కాళ్ళు చెరోవైపూ జారిపోతున్నాయి, నిలబడలేదు. నేను వంగేలోపు తోడికోడలు తీసేసింది. ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం. పిల్ల ఆవిడ అరచేతిలోనే ఉంది.

"ఏం తింటోంది?" అన్నాడు డాక్టరు.

"బూందీ," అన్నాను నేను.

"బిస్కట్లు," అంది ఆవిడ.

ఆయన మా ఇద్దర్నీ చూశాడు. పిల్లలకి కావలసింది పురుగులూ మిడతలూ అని, గుమ్మంలో తేలిగ్గా దొరికితే తల్లి వెతకడానికి పోదని, అందుకే ఎముక గట్టిపడలేదని చెప్పాడు. "గూట్లో ఇంకా ఉన్నాయా?" అన్నాడు. ఇంకొకటి ఉంది.

తిరుగుదారిలో ఆ పిల్ల చచ్చిపోయింది, ఆవిడ చేతిలోనే. ఆవిడ ఆటోలో అందరూ చూస్తుండగా ఏడ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు దానిమీదా కుళ్ళొచ్చింది. ఆ ఏడుపు నాది కదా.

ఇంటికొచ్చేసరికి షట్టరు డబ్బాలో రెండోది కీచుమంటోంది. ఇద్దరం విన్నాం. ఎవరు మానేసినా రెండోవాళ్ళు వేస్తారని ఇద్దరికీ తెలుసు. "ఇలా రా," అని తోడికోడల్ని లోపలికి పిలిచి, ఇక దానికేమీ వెయ్యనని కాటామీద చెయ్యి వెయ్యమన్నాను. మా పుట్టింటి వీధిలో కొట్టువాళ్ళ ఒట్లు తక్కెడమీదే. నాది కరెంటు కాటా కాబట్టి ఆవిడ ఒట్టుకి అంకె కూడా పడింది. తర్వాత నేను వేశాను. నా అంకె పెద్దది. ఆవిడ చెయ్యి పైపైన ఆనించిందని అప్పుడే అనుమానం తగిలింది.

గోరింక వచ్చి మెట్టుమీద నిలబడి తిట్టింది. తల పక్కకి వంచి మరీ తిట్టింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. అవతల ఆవిడా అలాగే కూచుంది. మెడ చాచి చూశాను గనక తెలుసు.

తర్వాత అది మెట్లు మానేసింది. కానీ ముక్కున ఏదో పట్టుకుని గూట్లోకి మాత్రం వస్తోంది. అంటే ఎక్కడో ఎవరో వేస్తున్నారు. ఆవిడ పెరట్లోనే అయ్యుండాలని సందులోంచి వెళుతుంటే ఆవిడ ఎదురొచ్చింది, నా పెరటికి.

"ఏటక్కా, ఇటొచ్చినావు?"

"నువ్వెటు వెళుతున్నావో చూద్దామని."

అప్పుడే తలమీదుగా గోరింక ఎగిరిపోయింది. నడుస్తూ కాదు, ఎగురుతూ. ఇద్దరం దాని వెంటబడి సందు చివరి ఖాళీ స్థలందాకా వెళ్ళాం. అక్కడొక గేదె గడ్డిలో మేస్తోంది. దాని గిట్టలకి లేచిన మిడతల్ని గోరింక గంతులేస్తూ పట్టుకుంటోంది.

తోడికోడలు నడుంమీద చెయ్యేసుకుని చాలాసేపు చూసింది. "ఆ గేదిలో ఏటున్నాదక్కా, మనలో లేనిది?"

రెండో పిల్ల ఎగిరిపోయింది. షట్టరు దింపుతున్నాను, మా ఆయన మంచం ఇంట్లోకి చేరింది. సాయంత్రాలు బేరం పలచబడ్డాక సందు చివరికి వెళ్ళి నిలబడతాను. పక్కన ఆవిడా ఉంటుంది. తల్లీ పిల్లా ఆ గేదె వెనకే తిరుగుతుంటాయి. గేదె వాటివైపు చూడనైనా చూడదు. కొసరు లేదు, పలకరింపు లేదు. అయినా బేరమంతా దానికే.